పదో రెప్ ఎలా లేచింది?

కండ పెరగాలంటే 8 నుంచి 12 రెప్స్. జిమ్‌లో చేరిన వారంలోపే ఈ మాట ప్రతి కుర్రాడి చెవినా పడుతుంది. దీని మూలాలు వెతుక్కుంటూ వెళ్తే ఒక దారి ఆసుపత్రికి చేరుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మోకాళ్లు దెబ్బతిన్న అమెరికా సైనికులు నెలల తరబడి మంచాలకే పరిమితమయ్యేవారు. తేలిక బరువుల్ని పదేపదే ఎత్తించడమే అప్పటి చికిత్స. షికాగోలోని గార్డినర్ జనరల్ ఆసుపత్రిలో సైనిక వైద్యుడు థామస్ డెలోర్మ్ దాన్ని తిరగేశాడు. స్వయంగా బరువులెత్తే మనిషి కావడంతో, ఇనప బూటుకు ప్లేట్లు తగిలించి, పదిసార్లకు మించి లేపలేనంత బరువుతో సాధన చేయించాడు. 1945లో ఆ ఫలితాలు ప్రచురించాడు. 1948 నాటికి ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి సెట్లను మూడుకు తగ్గించాడు: ఆ బరువులో సగంతో పది, ముప్పాతికతో పది, పూర్తి బరువుతో పది.

అయితే పది అంకెలో మహిమేమీ లేదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 2012లో ప్రచురించిన ప్రయోగంలో పాల్గొన్నవారి కాళ్లలో కొన్నింటికి, ఒకే ఒక్కసారి లేపగల బరువులో 80 శాతంతో, మరికొన్నింటికి 30 శాతంతో, ఇక లేవదన్నంతవరకూ సాధన చేయించారు. పది వారాల తర్వాత తొడ కండ దాదాపు సమానంగానే పెరిగింది. బలంలో మాత్రం ఎక్కువ బరువెత్తిన కాళ్లదే పైచేయి.

కారణం తెలిస్తే ఎంపిక సులువవుతుంది. శరీరం మొదట కండలోని చిన్న పోగులతో పని కానిస్తుంది. బరువు ఎక్కువైనా, అవి అలసిపోయినా, అప్పుడే పెద్ద పోగుల్ని పిలుస్తుంది. బాగా పెరిగేవి అవే. డంబెల్స్‌ను పక్కలకు లేపే లాటరల్ రైజ్ చేస్తూ గమనించండి. పన్నెండో రెప్ దాకా డంబెల్ ఒకే వేగంతో లేస్తుంది. పదమూడోది, ఎంత బలం పెట్టినా, నెమ్మదిస్తుంది. పద్నాలుగోది భుజం ఎత్తుకు జానెడు కింద వణుకుతూ ఆగుతుంది. అక్కడ నడుము ఊపి లేపారా, ఆ రెప్ భుజానికి దక్కలేదు.

తాలింఖానాల్లో తీసే బస్కీలదీ ఇదే లెక్క. కొత్తవాడికి యాభై తీయడమే గగనం కనుక తొడలు నిండుతాయి. వందలు అలవోకగా తీయగలిగాక పెరిగేది ఎక్కువగా దమ్మే. పహిల్వాన్లు గదలు, రాతి గుండ్లు కూడా పట్టింది ఊరికే కాదు.

కాబట్టి రెప్స్‌ను వ్యాయామాన్ని బట్టే ఎంచుకోవాలి. స్క్వాట్‌కు నేను 6 నుంచి 10 చెబుతాను. పాతిక చేస్తే తొడకంటే ముందు ఊపిరే చేతులెత్తేస్తుంది. లాటరల్ రైజ్, కర్ల్ లాంటివాటికి 12 నుంచి 20 హాయి. మూడేసి రెప్స్‌తోనూ కండ వస్తుంది గానీ సెట్లు చాలా కావాలి, కీళ్లు మూలుగుతాయి.

ఉదాహరణకు 8 నుంచి 12 ఎంచుకున్నారనుకోండి: ఎనిమిది దగ్గర మొదలుపెట్టి, అదే బరువుతో పన్నెండుకు చేరాక రెండున్నర కిలోలు కలపండి, మళ్లీ ఎనిమిదికి రండి. నెలకోసారి మెషీన్ మీద ఆఖరి సెట్‌ను ఆగేదాకా లాగండి. పుస్తకంలో పది రాసుకుంటూ వచ్చి ఆ రోజు పదిహేడు లేపారంటే, ఇన్నాళ్లూ ఆ బరువు మీకు చాలలేదు.