తెలిసిన పదం పక్కన తెలియని పదం

ఇబ్రహీంపట్నం మండలంలో భూమి ముచ్చట లేని రోజుండదు. రాయపోలు, ఎలిమినేడు, దండుమైలారం రైతులు మీసేవ కేంద్రానికి వచ్చి సర్వే నంబరు చెబుతారు. జిల్లా, మండలం, ఊరు అన్నీ నింపాక తెరమీద వంకర టింకర ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. అది సున్నానా, ఓ అక్షరమా? "క్యాప్చా తప్పు పడ్డది కాకా, మళ్ల కొడుత" అంటాడు కంప్యూటర్ ముందున్న పిల్లగాడు. తెలుగులో పహాణీ గడగడా చదివే పెద్దాయన, తాను మనిషినని రుజువు చేసుకోవడానికి ఇంకొకరి మీద ఆధారపడాలి. ఆ చిరాకు న్యాయమైనదే.

అయినా ఈ క్యాప్చాల్లోనే ఒకదాని అల్లిక ఎంత చూసినా నాకు తనివి తీరదు. 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో లూయిస్ వాన్ ఆన్ బృందం తయారుచేసిన రీక్యాప్చా అది.

అంతకు ఏడేళ్ల ముందు, యాహూలో దొంగ ఖాతాలు తెరిచే ప్రోగ్రాములను ఆపడానికి ఆయన, ఆయన గురువు మాన్యుయెల్ బ్లమ్, సహచరులు కలిసి క్యాప్చాలు చేశారు. అవి పనిచేశాయి, ప్రపంచమంతా పాకాయి. 2008 నాటికి జనం రోజుకు 10 కోట్లకు పైగా క్యాప్చాలు కొడుతున్నారు. ఒక్కొక్కటి కొన్ని సెకన్లే, కానీ అన్నీ కలిస్తే లక్షల గంటలు. ఇంతమంది కంటిచూపు, ఇంత బుద్ధి ఊరికే పోతోందని వాన్ ఆన్‌కు బాధ కలిగింది. రీక్యాప్చా ఆ బాధలోంచే పుట్టింది.

అప్పట్లో దాని తీరు ఇది. పాత పత్రిక పుటను స్కాన్ చేసి, బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే రెండు ఓసీఆర్ ప్రోగ్రాములతో చదివిస్తారు. రెండూ చెరోరకంగా చదివిన పదాన్ని, నిఘంటువులో లేని పదాన్ని అనుమానపు పదంగా పక్కన పెడతారు. దాని బొమ్మను కత్తిరించి, జవాబు ముందే తెలిసిన మరో పదంతో జతచేసి మనకు చూపిస్తారు. ఏది పరీక్షో, ఏది పనో మనకు తెలియదు. అందుకే రెండింటినీ శ్రద్ధగానే కొడతాం. తెలిసిన పదం సరిపోతే మనం మనుషులమే, కాబట్టి రెండో పదానికి మనం చెప్పిన జవాబుకూ విలువ ఉంటుంది. మనిషి మాటకు ఒక ఓటు, ఓసీఆర్ మాటకు అర ఓటు. ఏ జవాబుకు రెండున్నర ఓట్లు వస్తే అది ఖాయం. అందరూ ఒకేలా చదివిన పదం తర్వాత తానే పరీక్ష పదమవుతుంది. ఆరుగురు చదవలేమని వదిలేస్తే దాన్ని పక్కన పెట్టేస్తారు.

నన్ను అన్నిటికన్నా కట్టిపడేసేది ఆ పదాల ఎంపిక. మామూలు క్యాప్చాలో అక్షరాన్ని ఒక సూత్రం ప్రకారం వంచుతారు. ఆ సూత్రాన్ని యంత్రం నేడో రేపో పట్టేస్తుంది. ఇక్కడ అలా వంచడానికి ముందే అక్షరాన్ని చెడగొట్టినవి అలికిన సిరా, అరిగిన అచ్చు, వందేళ్ల కాలం. పైగా యంత్రాలు ముందే ఓడిపోయిన పదాలనే తీసుకున్నారు, కష్టం ఎంతో తూచి మరీ పెట్టినట్టు.

ఫలితమూ అలాగే వచ్చింది. 1860 నుంచి 1970 వరకు అయిదు వేర్వేరు సంవత్సరాల న్యూయార్క్ టైమ్స్ వ్యాసాల్లో 24,080 పదాల మీద పరీక్షిస్తే తప్పులు 216 మాత్రమే. అంటే 99.1 శాతం ఒప్పు. మామూలు ఓసీఆర్‌కు దక్కింది 83.5 శాతం. మొదటి ఏడాదిలోనే 44 కోట్లకు పైగా పదాలు ఇలా వెలుగు చూశాయి.

2009లో గూగుల్ దీన్ని కొనుక్కుంది. తర్వాత గళ్లలో ట్రాఫిక్ లైట్లు ఏరే పరీక్షలు వచ్చాయి. లైటు కింది స్తంభం లైటులో భాగమేనా? ఆ ప్రశ్నకు ఎవరికి తోచిన జవాబు వారిది. పాత పరీక్షలో ఒక పదం ఉండేది, దానికి ఒక జవాబుండేది. పనితనంలో నా ఓటు పాతదానికే.

అదే కార్నెగీ మెలన్‌లో తెలుగునాట కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి మిలియన్ బుక్స్ ప్రాజెక్టును నడిపించారు. అలాంటి కృషి వల్లే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు పుస్తకాలు ఎన్నో స్కాన్ అయ్యాయి. కానీ ఆ పుటలు బొమ్మలే, యంత్రం సరిగ్గా చదివితే తప్ప వాటిలో పదం వెతికితే దొరకదు. పాత అచ్చులో చుక్క చెదిరితే థ కాస్తా ధ అవుతుంది, కింది గీత అరిగితే ఆ ధ కూడా ద అవుతుంది. యంత్రం తికమకపడుతుంది, మనం వాక్యం చూసి పోల్చుకుంటాం. తెలుగు వికీసోర్స్‌లో ఔత్సాహికులు చేస్తున్నది ఇదే: ఒకరు దిద్దితే పుట పసుపు రంగులోకి వస్తుంది, మరొకరు సరిచూస్తేనే ఆకుపచ్చ అవుతుంది.

తెలుగు పదాలతో ఇలాంటి క్యాప్చా కట్టడానికి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. స్కాన్ పుటలున్నాయి. తెలుగు చదివే ఓసీఆర్‌లు ఒకటికి మించి ఉన్నాయి. ఆకుపచ్చ పుటల నుంచి తెలిసిన పదాలు తీసుకోవచ్చు. ఇబ్రహీంపట్నం దగ్గరి మంగల్‌పల్లి, శేరిగూడల్లో ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి కదా, చివరి ఏడాది ప్రాజెక్టు కోసం వెతుక్కునే నలుగురు విద్యార్థులు చాలు దీన్ని మొదలుపెట్టడానికి.