గెట్టు మీద మైకు

మొన్న శనివారం రాత్రి కౌడిపల్లిలో నాకు నిద్ర లేదు. మైకు పడుకోనివ్వలేదు. గుడి మైకు కాదు, పెండ్లి మైకూ కాదు. చిన్ననాటి దోస్తు మక్క చేనికి అవతల, గెట్టు పక్కన పాతిన కర్రకు కట్టిన బ్యాటరీ మైకు. "హోయ్, హోయ్, పో" అని ఒక మగ గొంతు, వెంటనే కుక్కల మొరుగుడు, ఆ తర్వాత డబ్బా మీద కట్టెతో బాదిన చప్పుడు, మళ్లీ "హోయ్". తెల్లారేదాకా అదే వరస. పొద్దున లేస్తూనే, ఈ వారం తిట్టడానికి సరుకు దొరికిందని సంబరపడ్డాను.

దోస్తు బాధ వేరు. చప్పుడు ఆయనకెప్పుడో అలవాటైంది. "ఆడు ఆడికెల్లి అదిలిస్తడు, అవి ఈడ పడ్తయ్" అన్నాడు. నర్సాపూర్ అడవి దిక్కు నుంచి వచ్చే అడవి పందుల మంద మైకున్న చేను వదిలి, మైకు లేని చేన్లో దూరుతుంది. పాలకంకి మీదున్న మక్క తెల్లారేసరికి నేల మీద పడుకొని ఉంటుంది. పంది తినేది కొంత, తొక్కి పాడుచేసేది అంతకు రెండింతలు. గెట్టు అవతలివాడు పరాయివాడేం కాదు, పాలోడే. ఇద్దరికీ మాటలు బందై రెండు నెలలు.

గెట్టు మాటెత్తితే నేను ఆగనని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. ట్రాక్టరొచ్చాక ఏటా ఒక సాలు చొప్పున గెట్టును కొరుక్కుతింటున్నామని ఎన్నిసార్లు రాశానో. నా రెండో పాటా మీకు కంఠతా వచ్చు: గెట్టు పంచాయితీ గెట్టు మీదే తెగాలి, ఠాణా మెట్లు ఎక్కొద్దు. 1805లో న్యూయార్క్ కోర్టు ముందుకు ఒక నక్క తగవు వచ్చింది. పోస్ట్ అనే ఆయన కుక్కలతో తరుముతున్న నక్కను పియర్సన్ అనే ఆయన మధ్యలో జొరబడి చంపి ఎత్తుకుపోయాడు. చేజిక్కించుకున్నవాడిదే నక్క అని తీర్పు. లివింగ్‌స్టన్ అనే జడ్జి ఒక్కడే, ఇలాంటిది వేటగాళ్ల పంచాయితీకి వదిలేయాల్సిన ముచ్చట అన్నాడు. ఆయన నా మనిషి.

మా తాతకూ ఆ మాట నచ్చేదే. 1972 వన్యప్రాణి చట్టానికి ముందు సంగతి ఇది. చేన్లు కోతకొచ్చే ముందు మా ఊళ్లో పందుల వేట ఉండేది. ముందటి రాత్రే డప్పు చాటింపు: రేపు ఫలానా దిక్కు వేట, అటు మేకలు తోలొద్దు, పిల్లలు పోవద్దు. పొద్దున ఒక వైపు వల, ఇంకో వైపు డప్పులు, బరిసెలు, కుక్కలు. పంది పడ్డాక కుప్పలు వేసేవాళ్లు. మొదటి దెబ్బ వేసినవాడికి ఒకటి, వల తెచ్చినవాడికి ఒకటి, కుక్కలకు ఇంత. ఎవరి చేన్లో పడితే వాళ్లకు, వేటకు రాకపోయినా సరే, ఒక కుప్ప. తొక్కిన పంటకు అదే నష్టపరిహారం. ఒకసారి పంది సరిగ్గా గెట్టు మీద పడింది, తల ఒకరి చేన్లో, తోక ఇంకొకరి చేన్లో. "గెట్టు ఇద్దరిది, కుప్ప ఒక్కటే. ఇద్దరు కలిసి వండుకొని తినుండ్రి" అన్నాడు తాత. ఎవరింట్లో వండాలో తేలేలోపు సగం కుక్కలు తినేశాయి. ఆ రెండిళ్లవాళ్లు ఇప్పటికీ కోపం వస్తే ఆ కూర మాటే ఎత్తుతారు.

ఇప్పుడు కుప్పల్లేవు. చట్టం ప్రకారం, పంది తిన్న మక్కలు రైతువి, చచ్చిన పంది సర్కారుది. పంట పాడుచేసే పందిని చంపడానికి సెక్షన్ 11 కింద అనుమతి తెచ్చుకోవచ్చు. కాగితం వచ్చేదాకా కంకులు ఆగుతాయా అన్నది మక్క చేనే చెప్పాలి. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు మక్క చుట్టూ ఆముదం వరసలు వేయమంటారు, ఆ వాసనకు మక్క జాడ దొరకదని. దోస్తుకు చెప్పాను. వచ్చే పంటకు చూద్దామన్నాడు.

ఆదివారం సాయంత్రం పాలోణ్ని చూడబోయాను, మైకు బంద్ చేయించి రాజీ కుదిర్చే ఉద్దేశంతో. ఆయన తగవు పెట్టుకోలేదు. కొట్టంలో మూలకున్న ఇనుప తీగ చుట్ట చూపించాడు. "మూడేండ్ల కింద గెట్టు పొడుగూతా ఇదే కట్టేటోన్ని సారూ, మోటారు డబ్బల కెల్లి కరెంటు ఇచ్చి. ఒకనాడు నా కుక్కే పడ్డది. ఆ ఎన్కనే మైకు కొన్న."

రోజూ చీకటితోనే నా దోస్తు మోటారుకు పోయే బాట ఆ గెట్టే. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు. అర్ధరాత్రి మోటారు కోసం పోయి పాము కాటుకో షాకుకో పోయే బాధ తగ్గింది. తీగకు కూడా రాత్రంతా కరెంటే. తీగ డప్పు కొట్టదు, అరవదు. చీకట్లో పందికీ పాలోడికీ తేడా దానికి తెలియదు.

తిరిగొచ్చి దోస్తును అడిగాను, తీగ సంగతి నీకు తెలుసా అని. "ఎర్కే. చెప్తే పాలోన్ని పట్టిచ్చినట్టయితదని ఊకున్న. గెట్టు పంచాయితీ ఠాణాకు పోవద్దని నువ్వే రాస్తవు గదరా."

ఆ రాత్రి మైకు మళ్లీ మోగింది. బంద్ చేయమని నేను అనలేదు.

పాత పాటలో ఒక చరణం కొట్టేస్తున్నాను. పందులు ఎటు పడ్డాయి, సాలు ఎవరు దున్నారు అన్నవి గెట్టు మీదే తెంచుకోండి. గెట్టు మీద కరెంటు తీగ కనిపిస్తే మాత్రం, కట్టింది మీ సొంత అన్నే అయినా, కరెంటోళ్లకు ఫోన్ చేయండి. నంబరు 1912.