పద్యరచనా డిజిటల్ ఉపకరణాలు: నిర్మాణాత్మక విమర్శకు ఛందోమార్గం

వ్యాససంగ్రహం:
ఛందస్సును పరిశీలించే సాఫ్ట్‌వేర్లు, పద్యాన్ని అల్లి ఇచ్చే భాషా నమూనాలు నేడు పద్యాభ్యాసకులకు, పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. వీటిపై వెలువడే అభిప్రాయాలు ప్రశంసగానో తిరస్కారంగానో ముగుస్తున్నాయి. దోషానికి మూలాన్ని గుర్తించి, సవరణకు దారి చూపే విమర్శ ఎలా ఉండాలో ఈ వ్యాసం అక్షరం, పదవిభాగం, యతి అనే మూడు అంశాల ఆధారంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఛందస్సు, యూనికోడ్, భాషా నమూనాలు, యతి, కందం, నిర్మాణాత్మక విమర్శ.

1. ఉపోద్ఘాతం:
2022 నవంబరులో చాట్‌జీపీటీ విడుదలైన తరువాత యంత్రం తెలుగు పద్యం చెప్పగలదా అనే ప్రశ్న సాహిత్య వర్గాల్లో చర్చకు వచ్చింది. "యంత్రానికి పద్యం రాదు" అనడం తీర్పు మాత్రమే, విమర్శ కాదు. ఏ పాదంలో, ఏ గణం వద్ద, ఏ కారణంగా లక్షణం తప్పిందో చెప్పినప్పుడే ఆ మాట ఉపకరణ నిర్మాతకూ అభ్యాసకునికీ ఉపయోగపడుతుంది. ఆ వివరణ ఇవ్వగలిగినవారు ఛందశ్శాస్త్రం తెలిసినవారే. వారు మౌనం వహిస్తే ఉపకరణం చేసే పొరపాటే క్రమంగా నియమంగా స్థిరపడే ప్రమాదం ఉంది.

2. అక్షరం - యంత్రదృష్టి:
ఛందస్సులో "స్త్రీ" ఒకే అక్షరం, గురువు. యూనికోడ్‌లో అదే అక్షరం సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, ఈకార చిహ్నం అనే ఆరు సంకేతాలుగా నిక్షిప్తమవుతుంది. భాషా నమూనాలు పాఠాన్ని టోకెన్లుగా విడదీసుకుంటాయి. టోకెన్ హద్దు అక్షరపు హద్దుతో కలవాలన్న నియమం లేదు. గురులఘు నిర్ణయమేమో తరువాతి అక్షరం సంయుక్తమా కాదా అన్నదానిపై కూడా ఆధారపడుతుంది. గణభంగానికి ఇది ఒక ముఖ్య కారణం కావచ్చు. కనుక పద్యం అల్లిన తరువాత అక్షరవిభజన చేసి, ప్రతి పాదాన్ని గణాలతో సరిచూసే ప్రత్యేక దశ ఉండాలని సూచించడం నిర్మాణాత్మకం.

3. పదవిభాగం:
"అతని ప్రేమ" అన్నప్పుడు రెండు పదాలు వేరు కనుక "ని" సాధారణంగా లఘువుగానే నిలుస్తుంది. "మాతృప్రేమ" అనే సమాసంలో "తృ" గురువవుతుంది. రెండుచోట్లా తరువాతి అక్షరం "ప్రే" యే. అక్షరాలను మాత్రమే లెక్కించే ఉపకరణం ఈ తేడాను గుర్తించలేదు. సమాసం మధ్య ఖాళీ విడిచి టైపు చేస్తే ఫలితం మారిపోవచ్చు కూడా. ఇటువంటి జంట ఉదాహరణలను సేకరించి పరీక్షా సామగ్రిగా అందించడం తెలుగు శాఖలు చేయదగిన పని.

4. యతి - తప్పొప్పుల మధ్య:
అకారంతో మొదలైన పాదంలో యతిస్థానాన "దేవాలయం" లోని "వా" పడిందనుకుంటే, దేవ + ఆలయం అనే సంధిలో పరపదాది స్వరం ఆధారంగా యతి చెల్లుతుంది. హల్లును మాత్రమే చూసే ఉపకరణం దీన్ని యతిభంగమని ప్రకటిస్తుంది. దాన్ని నమ్మిన విద్యార్థి సరైన పాదాన్ని చెరిపివేస్తాడు. ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పరిశోధకుడు కవిపై లేని దోషం మోపుతాడు. మరోవైపు అఖండయతి విషయంలో లాక్షణికులకే ఏకాభిప్రాయం లేదు. అందువల్ల "ఒప్పు", "తప్పు" అనే రెండు ఫలితాలతో పాటు "చర్చనీయం" అనే మూడవది కూడా ఉండాలి. ఏ యతిభేదం ప్రకారం చెల్లిందో ఉపకరణం పేర్కొనాలి.

5. పరీక్షా విధానం:
భాషా నమూనా ఒకే ఆదేశానికి వేర్వేరు సమాధానాలు ఇవ్వగలదు. కాబట్టి ఒక్క పద్యాన్ని చూపి మెచ్చుకోవడం గాని నిందించడం గాని ప్రమాణం కాదు. ఉపకరణం పేరు, వెర్షన్, తేదీ, ఇచ్చిన ఆదేశం, వచ్చిన పూర్తి పద్యం నమోదు చేయాలి.

ఛందస్సులన్నింటిలో కందం గట్టి పరీక్ష. గగ, భ, జ, స, నల అనే అయిదు గణాలే వాడాలి. బేసి గణం జగణం కారాదు. ఆరవది నలమో జగణమో కావాలి. రెండు, నాలుగు పాదాల చివర గురువు ఉండాలి. ఆ పాదాల్లోనే నాలుగవ గణాద్యక్షరంతో యతి, నాలుగు పాదాలకూ ప్రాస తప్పనిసరి. ఏ నియమం ఎన్నిసార్లు తప్పిందో పట్టికగా చూపితే బలహీనత ఎక్కడుందో తేలుతుంది.

లక్షణం కుదిరినంత మాత్రాన పద్యం కుదిరినట్లు కాదు. గణపూరణ కోసం చేరిన వ్యర్థపదాలు, వైరిసమాసాలు, అన్వయలోపాలను వేరుగా పరిశీలించాలి. ఛందోదోషాన్నీ భావదారిద్ర్యాన్నీ ఒకే మాటతో కొట్టివేస్తే రెండూ సవరణకు అందవు.

6. ముగింపు:
* విమర్శ దోషాన్ని చూపడంతో ఆగక, దానికి మూలమైన నియమాన్ని, సవరణ మార్గాన్ని పేర్కొనాలి.
* శాస్త్రంలో భిన్నాభిప్రాయం ఉన్నచోట ఉపకరణం తుది తీర్పు ఇవ్వకూడదు.
* పరీక్షలు ఇతరులు మళ్లీ చేసి చూడదగినట్లు నమోదు కావాలి.
* ఛందస్సు, భాష, భావం వేర్వేరుగా మూల్యాంకనం కావాలి.

లక్షణ గ్రంథాలు కవులకు దారి చూపినట్లే, లాక్షణిక దృష్టి గల విమర్శ ఈ ఉపకరణాలకు దారి చూపాలి. పద్యాన్ని నేర్చుకునే తరం వీటినే గురువుగా భావించే పరిస్థితి వస్తున్నప్పుడు ఆ బాధ్యత విశ్వవిద్యాలయ తెలుగు శాఖలది.