కడ్డీ బ్రేకు తీసి తీగ బ్రేకు

పాత సైకిలుకు బ్రేకులు మారిస్తే దాని పాతదనం పోతుందని వాదించే మిత్రులు నాకున్నారు. నేను ఒప్పుకోను. గోడకు ఆనించి చూసుకునేదైతే వాళ్ల మాట సరే. నల్లగొండ, పాలమూరు రోడ్ల మీద నడిపే సైకిలు మాత్రం ఆగి తీరాలి. మన నేల చదునుగా ఉండదు. ఎత్తు దిగితే వాగు, వాగు దాటితే మళ్లీ ఎత్తు. ఇక దోమలపెంట దాటాక శ్రీశైలం డ్యామ్ దిక్కు దిగే ఘాట్ మలుపుల సంగతి వేరే చెప్పాలా?

మా నాయన నడిపిన హెర్క్యులస్‌కు ఉన్నవి కడ్డీ బ్రేకులు. హ్యాండిలు కింది పిడిని నొక్కితే కడ్డీలు పైకి లేచి, రబ్బరు ముక్కలను రిమ్ము లోపలి ముఖానికి, అంటే ఇరుసు వైపున్న ముఖానికి, అదుముతాయి. మొండి ఏర్పాటు. తీగ తెగే భయం లేదు. పానా పట్టగలిగిన ఎవరైనా ఊళ్లోనే సరిచేసుకుంటారు. పాలక్యాన్లు, కల్లు కుండలు మోసిన సైకిళ్లు ఏళ్ల తరబడి వీటినే నమ్ముకున్నాయి. వానలోనే వస్తుంది చిక్కంతా. క్రోమియం పూసిన ఉక్కు రిమ్ము తడిసిందంటే రబ్బరుకు పట్టు చిక్కదు; పిడి ఎంత నొక్కినా బండి ముందుకే పోతుంది.

తీగ బ్రేకులు పెట్టిద్దామని ఆ హెర్క్యులస్‌ను, ఒకప్పుడు సైకిల్ టాక్సీ నడిపిన ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బ్రేకుల జోలికి పోలేదు. ముందు రిమ్ము పక్కలను వేలితో తడిమాడు.

“అంచులు గుండ్రంగున్నయి సార్. పక్కల పట్టే బ్రేకు దీని మీద నిలవదు. బ్రేకొక్కటే మారిస్తే పైసలు దండుగ.”

అసలు విషయం ఆ మాటలోనే ఉంది. పిడి, తీగ, బ్రేకు చేతులు, రబ్బరు, రిమ్ము అన్నీ కలిస్తేనే బ్రేకు. పక్కలు చదునుగా ఉన్న అల్యూమినియం రిమ్ము కావాలి. తడిలోనూ దాని పట్టు ఉక్కు కంటే ఎంతో మేలు. అయితే ఈ పాత చక్రాల్లో టైరు కూర్చునే చోటు వ్యాసం 635 మిల్లీమీటర్లు, ఇప్పుడు సులువుగా దొరికే రిమ్ములది 622. అంటే రబ్బరు ఆరున్నర మిల్లీమీటర్లు ఇరుసు వైపు జరగాలి. అంత దూరం అందుకునే పొడవు చేతుల బ్రేకే వెతకాలి. పొట్టిది బిగిస్తే రబ్బరు టైరును ఒరుసుకుని చీల్చేస్తుంది.

పిడి ఎంపిక ఇంకా సున్నితం. వీ-బ్రేకులనే మరో రకం తీగ బ్రేకుల కోసం చేసిన పిడి, మామూలు పిడి కంటే దాదాపు రెట్టింపు తీగను లాగుతుంది. దాన్ని ఈ బ్రేకుకు తగిలిస్తే చేతికి గట్టిగా, రాయిలా తగులుతుంది గానీ రిమ్ము మీద బలం తగ్గిపోతుంది. గట్టిగా ఉంది కదా, మంచి బ్రేకు అనుకుంటాం. కాదు. తీగ తొడుగు కొసలను ఆకురాయితో సమంగా అరగదీయడం, వంపులు తగ్గించి నడిపించడం కూడా ఉస్తాద్ దగ్గరుండి చూసుకున్నాడు. అంత ఓపికగా పనిచేసే చేతులకు మనం ఇచ్చే కూలీ చాలా తక్కువ. అడిగినదాని మీద కొంచెం ఎక్కువే ఇవ్వాలి.

రెండు చక్రాలకూ ఒకేసారి ఖర్చు పెట్టలేనివాళ్లు ముందు చక్రంతో మొదలుపెట్టండి. బ్రేకు పడగానే బరువు ముందుకు వాలుతుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. మన దగ్గర అది కుడి చేతి పిడి. కొత్తది బిగించాక ఒక్కసారిగా గుంజకుండా, ఖాళీ రోడ్డు మీద మెల్లమెల్లగా నొక్కుతూ చేతికి అలవాటు చేసుకోండి.