నంబరు ఎవరు వేయాలి?

మూడు వందల పేజీల యంత్రం మాన్యువల్. రేపు ప్రింటుకు వెళ్లాలనగా సాయంత్రం ఇంజనీరు ఫోన్ చేసి, రెండో అధ్యాయంలో ఇంకో బొమ్మ పెట్టాలంటాడు. పెట్టడం ఐదు నిమిషాల పనే. కానీ దాని తర్వాతి బొమ్మలన్నీ ఒక్కో అంకె జరుగుతాయి. "పటం 2-7 చూడండి" అని ఎక్కడెక్కడ రాశామో వెతికి దిద్దాలి. ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేను నంబర్లన్నీ చేత్తోనే టైపు చేసేవాణ్ణి. ఒకసారి అలా దిద్దుతూ ఒకటి వదిలేశాను. వాల్వు విప్పబోయే మెకానిక్కును ఫ్యూజు బాక్సు బొమ్మ దగ్గరికి పంపాను.

ఆ తర్వాతే ఫ్రేమ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. 1986లో మొదలైన ఫ్రేమ్ టెక్నాలజీ సంస్థ సరుకు ఇది. 1995లో ఆ సంస్థను అడోబీ కొనుక్కుంది. పొడవాటి మాన్యువళ్లు రాసేవాళ్లు దీన్ని పట్టుకుని ఉండటానికి, నా లెక్కలో, పెద్ద కారణం నంబర్లే.

ఇందులో నంబరు వాక్యంలో ఉండదు, పేరా స్టైల్లో ఉంటుంది. స్టైల్లో ఒక చిన్న సూత్రం రాస్తాం. ముందు ఒక అక్షరం, కోలన్: అది వరుస పేరు. శీర్షికలకు ఒక వరుస, బొమ్మలకు ఒకటి, పట్టికలకు ఒకటి. ఒకదాని లెక్క ఇంకోదానికి తగలదు. ఆపైన కోణపు బ్రాకెట్లతో లెక్క గళ్లు. గడిలో ప్లస్ ఉంటే ఒకటి కలపమని, లేకపోతే ఉన్న అంకెనే చూపమని అర్థం. పెద్ద శీర్షికకు ప్లస్ ఉన్న గడి ఒక్కటే. ఉపశీర్షికకు రెండు: మొదటిది ఉత్తది, రెండోది ప్లస్‌తో. ఇక 4.1, 4.2 వాటంతటవే వస్తాయి. ఐదో శీర్షిక రాగానే రెండో గడి సున్నా అయిపోయి 5.1తో కొత్త నడక మొదలవుతుంది. నాకు ముచ్చటేసేది ఖాళీ గడి. బ్రాకెట్ల మధ్య ఒక్క స్పేస్ తప్ప ఏమీ ఉండదు. కాగితం మీద కనపడదు గానీ, ఆ స్థానంలో ఉన్న లెక్క చెదరకుండా కాపలా కాస్తుంది.

కొత్తవాళ్లు బోర్లాపడేది పని దశల దగ్గర. మొదటి దశకు ఒక స్టైల్, అది లెక్కను ఒకటికి తెస్తుంది. మిగతా దశలకు మరో స్టైల్. మొదటిది పెట్టడం మరిచిపోతే కొత్త పని ఎనిమిదో దశతో మొదలవుతుంది. నవ్వు వస్తుంది, దిద్దుకుంటాం. చేత్తో వేసిన తప్పు నంబరు అలా కాదు, ఒప్పులాగే కనిపిస్తుంది.

"చూడండి" అనే చోట కూడా రచయిత అంకె రాయడు, ఏ పేరాయో చూపిస్తాడు. సాఫ్ట్‌వేర్ ఆ పేరాలో కనపడని గుర్తు నాటుతుంది. పేరా ఎటు జరిగినా గుర్తు దాని వెంటే. అధ్యాయాల ఫైళ్లన్నీ ఒక బుక్ ఫైలు కింద చేర్చి అప్‌డేట్ చేస్తే అంకెలు సర్దుకుంటాయి, గమ్యం దొరకని సూచనలు బయటపడతాయి. డోనల్డ్ నూత్ రాసిన టెక్ అనే టైప్‌సెట్టింగ్ ప్రోగ్రామ్ మీద లెస్లీ లాంపోర్ట్ 1980లలో కట్టిన లేటెక్ ఇదే పని రెండు విడతల్లో చేస్తుంది. మొదటి విడతలో నంబర్లన్నీ పక్క ఫైల్లో రాసుకుంటుంది, రెండో విడతలో వాటిని చదివి నింపుతుంది. అప్పటిదాకా ఆ చోట రెండు ప్రశ్నార్థకాలు "??" ఉంటాయి. తెలియని అంకె వేసేయకుండా తెలియదని ఒప్పుకోవడం నాకు నచ్చుతుంది.

అయితే జరగకూడని అంకెలూ ఉన్నాయి. 1973లో రాజ్యాంగ 32వ సవరణ మన 371-డి అధికరణాన్ని తెచ్చినప్పుడు, 372 కాస్తా 373 కాలేదు. కొత్తదానికే వెనక అక్షరం తగిలించారు. తీర్పుల్లో, జీవోల్లో ఆ అంకెలు అప్పటికే పేర్లయిపోయాయి మరి. విమానాల మాన్యువళ్లలో 32వ అధ్యాయమంటే ల్యాండింగ్ గేరే, ముందు ఏది చేర్చినా తీసేసినా. శిక్షాస్మృతి విషయంలో ఆ పట్టింపు వదిలేశారు: 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలుకు వచ్చి, 420లో ఉండే మోసం 318కి చేరింది. వీధిలో తిట్టు మాత్రం పాత నంబరుతోనే నడుస్తోంది. ఇలాంటి అంకెలను నేను ఆటోనంబరింగ్‌కు అప్పగించను, చేత్తోనే రాస్తాను.

తెలుగులో రాసేటప్పుడు ఇంగ్లీషుకు లేని చిక్కు ఒకటుంది. "పట్టిక 7కు కింద" అని రాశాం. ముందు ఇంకో పట్టిక వచ్చి పడితే అంకె మారి "పట్టిక 8కు" అవుతుంది. చదివితే "ఎనిమిదికు". రెండు నుంచి ఏడు దాకా "కు" సరిపోతుంది. ఒకటి, ఎనిమిది, తొమ్మిది, పది "కి" అడుగుతాయి. సాఫ్ట్‌వేర్‌కు అంకె తెలుసు గానీ దాన్ని మనం ఎలా పలుకుతామో తెలియదు. అందుకని అంకెకు విభక్తి తగిలించడం మానేశాను. "7వ పట్టికకు" అంటే సరి: "వ" ఏ అంకెకైనా అతుకుతుంది, విభక్తి పట్టిక మీదికి పోతుంది. 2-7 లాంటి జంట అంకెలకు అదీ ఎబ్బెట్టే. అక్కడ వాక్యాన్నే మార్చి, "పటం 2-7 చూడండి" అని ఊరుకుంటున్నాను.