రాని కూర్పు, పలుకని కంపెనీ

2024 ఆగస్టు 26వ తేదీన అమెరికాలోని మేక్‌మ్యూజిక్ అను కంపెనీ ఒక లేఖను ప్రకటించినది. స్వరకర్తలకు, సంగీతాచార్యులకు, పాటల పుస్తకములు అచ్చువేయువారికి 1988 నుండి చేతి పనిముట్టుగా ఉన్న ‘ఫినాలె’ అను స్వరలేఖన సాఫ్ట్‌వేరుకు ఇక కొత్త కూర్పులు రావని ఆ లేఖ సారాంశము. ఒక సంవత్సరము గడచిన తరువాత, డబ్బిచ్చి కొనుక్కొన్నవారికి సహితము దానిని కొత్త కంప్యూటరులో పెట్టుకొనుటకు అనుమతి దొరకదని కూడ అందులో ఉన్నది. కొనుగోలుదారులు గగ్గోలు పెట్టిరి. కొద్ది దినములలోనే కంపెనీ ఆ రెండవ మాటను వెనుకకు తీసికొని, అనుమతి ఇచ్చుటను నిరవధికముగా సాగించెదమనినది. మొదటి మాట మాత్రము మారలేదు.

ప్రత్తి, మిరప పండించు మన గుంటూరు, ప్రకాశం మైదానములకు దీనితో ఏమి పని అని పాఠకులు అడుగవచ్చును. పని ఉన్నది. ఈ నల్లరేగడి నేల సంగీతమునకు కొత్తది కాదు. ఒంగోలు చెంతనున్న కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా చిలకలూరిపేట ఆదం సాహెబుగారి వద్ద నాదస్వరము అభ్యసించి, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదము పొందెను. నేడు పెండ్లి పందిరిలో నాదస్వరము ప్రక్కకు కీబోర్డు వచ్చి చేరినది. పాట రికార్డు చేయుటకు, వరుసలు కూర్చుటకు, పిల్లలకు స్వరము వ్రాసి ఇచ్చుటకు కంప్యూటరు చేరినది. అందులోని సాఫ్ట్‌వేరు ఏ దేశములో తయారైనను, దాని కొత్త కూర్పుకై ఎదురుచూచువాడు మన ఊరివాడే. గ్రంథములకు వలెనే సాఫ్ట్‌వేరులకును కూర్పులుండును. పాత తప్పులు దిద్ది, కొత్త సదుపాయములు చేర్చి, మారిన యంత్రములకు అనుగుణముగా మలచి ఒక్కొక్క కూర్పును వెలువరింతురు.

ఆ కూర్పు ఆలస్యమగుటకు శాస్త్రీయమైన కారణములు లేకపోలేదు. వానిని ముందు తెలిసికొనవలెను. తెలియక నిందించుట న్యాయము కాదు.

కంప్యూటరు శబ్దమును అంకెలుగా మార్చి దాచును. సామాన్యముగా సెకనుకు 44,100 అంకెలు. వానిని ఒక్కొక్కటిగా కాక, గంపలకెత్తినట్లు గుంపులుగా అందించును. గుంపుకు 256 అంకెలనుకొందము. 256ను 44,100తో భాగించినచో, సెకనులో వెయ్యింట 5.8 వంతులు వచ్చును. అనగా అంత సేపటిలో ప్రోగ్రాము తన లెక్కలన్నియు ముగించి గుంపును అందించి తీరవలెను. ఒక్కమారు తప్పినను చెవికి ‘టక్’మని వినబడును. భయపడి గుంపును 1,024 అంకెలకు పెంచినచో, మీటను నొక్కిన తరువాత వెయ్యింట 23 వంతుల సేపటికి గాని ధ్వని రాదు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును గనుక, అది డోలు వాయించువానిని నాదస్వర విద్వాంసునికి దాదాపు ఎనిమిది మీటర్ల దూరమున కూర్చుండబెట్టినట్లు! తరగతిలో ఉపాధ్యాయులు ఈ లెక్కను బల్లమీద వేయించవచ్చును. ఉత్తరము వ్రాయు సాఫ్ట్‌వేరు ఒక క్షణము తడబడినను ఎవరికిని తెలియదు. సంగీత సాఫ్ట్‌వేరుకు ఆ వెసులుబాటు లేదు.

పైగా క్రింద నేల కదలుచుండును. 32 బిట్ల చిరునామాతో కంప్యూటరు లెక్కించగల స్థానములు రెండు యొక్క 32వ ఘాతము, అనగా సుమారు 429 కోట్లు మాత్రమే. నేటి వాద్యధ్వనుల నిధులకు ఆ చోటు చాలదు. ఆపిల్ కంపెనీ 2019 అక్టోబరులో తన కంప్యూటర్లలో 32 బిట్ల ప్రోగ్రాములు పనిచేయకుండ చేసెను. పదునాలుగు నెలలు తిరుగకమునుపే, 2020 నవంబరులో, మూలయంత్రమునే మార్చి వేరు రకము ప్రాసెసరుతో కంప్యూటర్లను అమ్మసాగెను. సంగీత సాఫ్ట్‌వేరులు చేయువారు వెంటవెంటనే రెండుమార్లు ఇల్లు విప్పి కట్టుకొనవలసి వచ్చినది. రికార్డింగు గదిలోని కంప్యూటరులో ఒక ప్రధాన ప్రోగ్రామును ఆశ్రయించి ఎన్నో చిన్న ప్రోగ్రాములుండును. వీణ ధ్వనికొకటి, గది మ్రోతకొకటి, గొంతు సవరించుటకొకటి. ఇవి పలు కంపెనీలవి. అన్నియు సిద్ధమైనవనుకొనుడు, ఒక్కటి కాలేదు. ఆ ఒక్కదానికై గదియంతయు పాత కంప్యూటరుతోనే కాలము గడుపవలెను. ఒక చిన్న కంపెనీ మౌనము ఎంత దూరము పాకునో దీనివలన తెలియును.

మనుష్యులను ఎక్కువగా పెట్టి పని త్వరపరుపరాదా? ప్రత్తి తీయుటకు కూలీలు రెట్టింపైనచో రోజులు సగమగును. సాఫ్ట్‌వేరులో ఆ లెక్క నడువదు. ఐబిఎమ్ కంపెనీలో గొప్ప ప్రోగ్రాము నిర్మాణమును నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో వెలువరించిన గ్రంథమున, ఆలస్యమైన పనికి మనుష్యులను చేర్చిన కొలది అది మరింత ఆలస్యమగునని అనుభవముతో వ్రాసెను. కొత్తవారికి పని నేర్పవలెను, ఒకరు వ్రాసినది పదుగురికి తెలియవలెను. ఆ సంభాషణలోనే కాలము హరించును.

కాబట్టి ఆలస్యమును క్షమింపవచ్చును. నేను తప్పుపట్టునది మౌనమును.

గుంటూరు మిర్చి యార్డుకు ఏటా ఎండకాలమున సెలవులు ఇత్తురు. కొన్ని వారములు క్రయవిక్రయములు నిలిచిపోవును. రైతు దానికి కోపించడు. తేదీలు ముందుగా ప్రకటింతురు గనుక, అవసరమున్నవాడు ముందే అమ్ముకొనును, ఓపిక ఉన్నవాడు టిక్కీలను కోల్డ్ స్టోరేజిలో వేసికొనును. అదే యార్డు ఒకనాటి ఉదయము చెప్పకుండ తలుపు మూసి, బారులు తీరిన బండ్ల ఎదుట ‘త్వరలో’ అని ఒక అట్ట వ్రేలగట్టినచో ఎట్లుండును? బండి త్రిప్పుకొని పోవుటకు లేదు, నిలుచుటకు లేదు. డేవిడ్ మైస్టర్ అను పండితుడు 1985లో బారులలో నిలుచువారి మనస్తత్వమును గూర్చి వ్రాయుచు, ఎంతసేపో తెలిసిన నిరీక్షణకంటె తెలియని నిరీక్షణ దీర్ఘముగా తోచునని చెప్పెను. సంగీత సాఫ్ట్‌వేరు కంపెనీలలో పెక్కింటికి ఆ ‘త్వరలో’ అను అట్టయే సమాధానముగా ఉన్నది. కొన్ని అదియు కట్టవు.

మౌనముకంటె చెడ్డది, నిలుపుకొనలేని మాట. కేక్‌వాక్ అను అమెరికా కంపెనీ 1987 నుండి సంగీత సాఫ్ట్‌వేరులు చేయుచుండెను. 2013లో దానిని గిటార్లకు పేరుపడిన గిబ్సన్ కంపెనీ కొనెను. 2016లో ‘సోనార్’ అను తమ ముఖ్య సాఫ్ట్‌వేరు కొన్నవారికి కొత్త కూర్పులన్నియు జీవితకాలము ఉచితమని ప్రకటించిరి. నమ్మి అనేకులు కొనిరి. 2017 నవంబరు 20వ తేదీన గిబ్సన్ కంపెనీ సోనార్ అభివృద్ధిని నిలిపివేయుచున్నామని తెలిపినది. జీవితకాలమనగా ఎవరి జీవితమో అమ్మునాడు చెప్పలేదు! మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో సింగపూరులోని బ్యాండ్‌ల్యాబ్ కంపెనీ దానిని కొని, సాఫ్ట్‌వేరును ఉచితముగా ఇచ్చుట ప్రారంభించినది గనుక వాడుకరులు ఒడ్డున పడిరి. అది వారి అదృష్టము. గిబ్సన్ కంపెనీ బాధ్యతగా చేసినది కాదు.

కంపెనీల పక్షమున ఒక వాదమున్నది. రాబోవు సరుకును గూర్చి ముందే చెప్పినచో, ఉన్న సరుకు అమ్ముడుపోదందురు. 1983లో దివాలా తీసిన ఆస్‌బార్న్ కంప్యూటరు కంపెనీని దీనికి ఉదాహరణగా చూపుదురు. కొత్త నమూనాను తొందరపడి ప్రకటించుటవలన పాతది కొనువారు లేకపోయిరని కథ. ఆ పతనమునకు వేరు కారణములను చెప్పువారును కలరు. అట్లున్నను వాదములో కొంత నిజమున్నదని ఒప్పుకొందము. కాని తేదీ చెప్పుట వేరు, పని ఎంతవరకు వచ్చినదో చెప్పుట వేరు. మొదటిది చేయలేనివారు రెండవదానిని మానవలసిన పనిలేదు.

అట్లు చేసి చూపినవారు ఉన్నారు. ‘సిబేలియస్’ అను స్వరలేఖన సాఫ్ట్‌వేరును ఇంగ్లండులో ఫిన్ సోదరులు నిర్మించిరి. దానిని 2006లో కొన్న ఎవిడ్ కంపెనీ, 2012లో లండను కార్యాలయమును మూసి అక్కడి నిర్మాతలను తొలగించెను. ఆ బృందమును జర్మనీలోని స్టెయిన్‌బెర్గ్ కంపెనీ చేరదీసినది. వారు మొదటినుండి కొత్త సాఫ్ట్‌వేరును కట్టవలసి వచ్చినది. దాదాపు నాలుగు సంవత్సరములు పట్టినది. ఆ కాలమంతయు డానియల్ స్ప్రెడ్‌బరీ అను బృందసభ్యుడు, ఏ భాగము ముగిసినది, ఏది చిక్కుపెట్టుచున్నది, స్వరముల మధ్య ఎడము ఎట్లు నిర్ణయించుచున్నారు అని బహిరంగముగా దినచర్యవలె వ్రాయుచువచ్చెను. 2016 అక్టోబరులో ‘డోరికో’ అను పేర అది వెలువడినప్పుడు అసంపూర్ణముగనే ఉండెను. స్వరసమూహముల గుర్తులు సయితము 2017లో గాని రాలేదు. విమర్శలు వచ్చినవి. అయినను ఆ నాలుగేండ్ల నిరీక్షణ మోసమని ఎవరును అనుకొనలేదు, లోపల పని జరుగుచున్నదని కన్నులార చూచిరి గనుక. నా దృష్టిలో ఆ దినచర్య ఆ సాఫ్ట్‌వేరుకంటె తక్కువ విలువైనది కాదు. విచిత్రమేమనగా, 2024లో ఫినాలెను మూయుచు మేక్‌మ్యూజిక్ కంపెనీ తన వాడుకరులను పొమ్మన్నది ఆ డోరికో యొద్దకే.

ఇక వాడుకరి చేయదగినది ఏమి? మిరపరైతుకు కోల్డ్ స్టోరేజి ఉన్నట్లు స్వరకర్తకును ఒకటి కావలెను. ప్రతి సాఫ్ట్‌వేరు తన ఫైలును తన సొంత లిపిలో దాచును. ఆ సాఫ్ట్‌వేరు పోయిననాడు, పాట నీదే ఐనను పెట్టె తాళము కంపెనీది. ఏ కంపెనీకిని చెందని ఉమ్మడి లిపులు ఉన్నవి. 1983లో వాద్యయంత్రముల కంపెనీలు కలిసి ఏర్పరచిన ‘మిడి’ ఏ స్వరము, ఎప్పుడు, ఎంత బలముతో అను సంగతిని దాచును. మైకేల్ గుడ్ రూపొందించగా 2004లో మొదటి కూర్పు వెలువడిన ‘మ్యూజిక్ ఎక్స్ఎమ్ఎల్’ అచ్చుపుటలోని స్వరలిపిని ఒక సాఫ్ట్‌వేరునుండి మరొకదానికి చేరవేయును. ఫినాలె వాడుకరులు డోరికోకు దాటినది ఈ వంతెన మీదనే. దాటునప్పుడు పుటల అమరిక కొంత చెదరును, స్వరము నిలుచును. సంగీతము నేర్పు ఉపాధ్యాయులు తమ పాఠముల నకళ్ళను ఈ రెండు రూపములలోను, ఒకటి కాగితముమీదను ఉంచుకొనుట మంచిది. సాఫ్ట్‌వేరు కొనబోవువారు ధరకంటె ముందు, ‘ఇందులోనుండి నా పాటను బయటకు తీయుట ఎట్లు?’ అని అడుగవలెను.

ఇంతవరకు ఆలస్యమైన కూర్పుల మాట. మన సంగీతము ఎదురుచూచుచున్నది అసలు పని మొదలుకాని కూర్పుకై.

ముత్తుస్వామి దీక్షితుల వంశీయుడైన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురము సంస్థానమునుండి సంగీత సంప్రదాయ ప్రదర్శినిని ప్రకటించెను. తమిళదేశమున అచ్చైనను దాని లిపి తెలుగు. స్వరాక్షరముల మీద కంపితము, స్ఫురితము, నొక్కు, రవ, ఖండింపు, జారు మొదలగు గమకములకు వేరువేరు చిహ్నములను పెట్టి, సీసపు అక్షరముల కాలములో అచ్చువేయించిరి. ఫినాలె, సిబేలియస్, డోరికో మూడును పాశ్చాత్యుల అయిదు గీతల లిపికై పుట్టినవి. వానిలో మన చిహ్నమును బొమ్మగా అతికించుకొనవచ్చును. ఆ బొమ్మను చూచి కంప్యూటరు తోడిరాగపు గాంధారమును ఊపదు. గాంధారమును ఊపక నిలిపి పలికినచో అది తోడి కానేకాదు.

శాస్త్రము చేతకాక జరిగినది కాదిది. మిడిలో స్వరమును వంచుటకు 16,384 మెట్లు 1983 నుండియే ఉన్నవి. ఒక్క గొంతు పాడు పాటకు అవి కావలసినంత. ఆ వంపు ఒక వరుసలోని స్వరములన్నింటిని కలిపి వంచునను చిక్కును తీర్చి, ఏ స్వరమునకా స్వరమును వేరుగా వంచు ఏర్పాటుతో మిడి రెండవ కూర్పు 2020 జనవరిలో ఆమోదింపబడినది. ముప్పదియేడు సంవత్సరములు పట్టినది! చెన్నైలో ఎం. సుబ్రహ్మణ్యం అను సంగీతాభిమాని కర్ణాటక స్వరలిపిని గమకములతో పలికించు ‘గాయక’ అను సాఫ్ట్‌వేరును రూపొందించెను. ఒక వ్యక్తి చేసిన దానిని పెద్ద కంపెనీలు తలపెట్టకపోవుటకు కారణము విపణి చిన్నదనుకొనుటయే కావచ్చును. ఆ మాటయైనను పైకి చెప్పినచో, మనవారు తమ పని తాము మొదలుపెట్టుకొందురు.

మ్యూజిక్ ఎక్స్ఎమ్ఎల్ లిపిలో ట్రిల్, టర్న్, మార్డెంట్ మొదలగు పాశ్చాత్యాలంకారములకు పేరుపేరున చోటున్నది. ఏ పేరును లేనివాటికై ‘ఇతరాలంకారము’ అను పెట్టె ఒకటి ఉన్నది. నొక్కు, రవ, ఖండింపు ఇప్పటికి అందులో పడవలసినవే.