ఎడమ పక్కకు తిరిగి పడుకోమ్మా

కె.గంగవరంలో గర్భిణికి ఆయాసం వస్తే ఇంట్లో పెద్దవాళ్లు ‘కడుపుతో ఉన్నప్పుడు మామూలేనమ్మా’ అంటారు. చాలాసార్లు అది నిజమే. ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరిగే రోజులవి. అయితే గుండెలోని మైట్రల్ వాల్వు ముడుచుకుపోయిన మనిషికి ఆ పెరిగిన రక్తమే ముప్పు. అంతవరకు పొలం పనికి వెళ్లొచ్చిన పిల్ల ఆరో నెలకు వెల్లకిలా పడుకోలేక రాత్రంతా కూర్చునే ఉంటుంది.

మన దగ్గర ఈ జబ్బుకు బీజం ఎక్కువగా బడి వయసులోనే పడుతుంది. గొంతునొప్పి, జ్వరం, రెండు మూడు వారాలకు కీళ్ల వాపు, ఒకటి తగ్గేసరికి ఇంకొకటి. కీళ్లు మామూలైపోతాయి. వాల్వు కాదు.

దాని చప్పుడు బాగా మంద్రంగా ఉంటుంది. రోగిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, స్టెతస్కోపు గంట వైపును గుండె కొన మీద తేలిగ్గా ఆనించి, నిదానంగా వినాలి. రద్దీ ఓపీలో, కూర్చున్న మనిషికి చీర మీంచే పెట్టి చూస్తే దొరికే చప్పుడు కాదది.

అనుమానం వస్తే టూడీ ఎకో. అసలు ఎకో పరీక్ష పుట్టిందే ఈ వాల్వు కోసం. ఆపరేషన్‌కు ముందు మైట్రల్ వాల్వు స్థితి తెలియాలని స్వీడన్‌లోని లుండ్‌లో డాక్టర్ ఇంగె ఎడ్లర్ తపనపడ్డారు. 1953లో భౌతికశాస్త్రవేత్త హెల్ముత్ హెర్ట్జ్‌తో కలిసి, లోహాల్లో పగుళ్లు పట్టే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని అరువు తెచ్చి గుండె మీద పెట్టారు.

యంత్రం ఎంత మంచిదైనా కొలిచే చెయ్యి ముఖ్యం. మైట్రల్ ద్వారం మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు, 1.5కి దిగితే తీవ్రమైనట్టే. వాల్వు రెక్కల కొసల దగ్గరే గీత గీసి కొలవాలి, కాస్త పైన కొలిస్తే ద్వారం పెద్దదిగా కనబడి రిపోర్టు మోసం చేస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటే వాల్వుకు అటూ ఇటూ ఒత్తిడి తేడా పెరుగుతుంది. గర్భిణికి ఆ వేగం ఎటూ ఎక్కువే. నాడి ఎంతో రాయని ఎకో రిపోర్టు సగం రిపోర్టే.

ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు డాక్టర్ల పరీక్షలు 2016 నుంచి ఉచితంగా జరుగుతున్నాయి. ‘చిన్నప్పుడు కీళ్లు వాచాయా?’ అన్న ప్రశ్న ఆ రోజే అడగాలి. అనుమానం ఉంటే ద్రాక్షారామం మీదుగా కాకినాడ పంపడానికి నెలలు నిండేదాకా ఆగకూడదు. రెక్కలు మెత్తగా ఉండి, మందులకు ఆయాసం లొంగకపోతే, గర్భంతో ఉండగానే బెలూన్‌తో వాల్వు తెరిచే వీలుంది.